వెనుకబడే ప్రమాదమున్న విద్యార్థులకు ఏ బడి సంస్కరణ మేలు చేస్తుందో ఎలా పరిశీలించాలి?

మార్కులు పెరిగాయన్న మాట ఒక్కటే చాలదు, ఎందుకంటే బలహీన విద్యార్థులు బడి మానేసినా సగటు పెరుగుతుంది. కనుక కార్యక్రమం అమలైన బడులను, అమలు కాని సాటి బడులతో పోల్చారా అన్నది ముందుగా చూడాలి. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1987లో మొదలైన 'సక్సెస్ ఫర్ ఆల్' అనే బడి సంస్కరణ కార్యక్రమం గమనించదగిన ఉదాహరణ. అందులో రోజూ 90 నిమిషాల పఠన బోధన, కొన్ని వారాలకోసారి పరీక్షించి స్థాయిని బట్టి బృందాలను మార్చడం, వెనుకబడిన పిల్లలకు విడిగా ట్యూటరింగ్, ఉపాధ్యాయులకు తరగతిలోనే తోడ్పాటు కలిసి సాగుతాయి. దానిపై బడులను కార్యక్రమం అమలయ్యేవి, కానివిగా యాదృచ్ఛికంగా విభజించి జరిపిన అధ్యయనాలు కూడా ఉన్నాయి. ఇలాంటి అధ్యయనాల నాణ్యతను వడపోసేందుకు అక్కడి విద్యాశాఖ 2002లో 'వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్'ను నెలకొల్పింది. అయితే, అన్నిటికన్నా ముఖ్యంగా, శిక్షణ ముగిశాక ఉపాధ్యాయుని బోధన నిజంగా మారిందా అన్నది తరగతి గదిలోనే కూర్చుని చూడాలని నా దృఢాభిప్రాయం.