సీఈ గుర్తు ఉన్నా జర్మనీలో సరుకు ఎందుకు ఆగింది?

ప్రశ్న: కుషాయిగూడలో మాకు చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఉంది. మందుల పెట్టెల్లో ఉష్ణోగ్రత రికార్డు చేసే బ్లూటూత్ పరికరాలు తయారుచేస్తాం. హాంబర్గ్‌లో ఒక మందుల పంపిణీ సంస్థ ఆర్డర్ ఇస్తే 200 పీసులు కొరియర్‌లో పంపాం. పరికరం మీద యూరప్ నిబంధనలు పాటించామని చెప్పే సీఈ గుర్తు ఉంది. లోపలి బ్లూటూత్ మాడ్యూల్ సీఈ కాగితం, మన టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం వైర్‌లెస్ పరికరాలకు ఇచ్చే ఈటీఏ అనుమతి, అమెరికా రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కాగితం కూడా పెట్టాం. అయినా జర్మన్ కస్టమ్స్ ఆపేసింది. ఈయూ డిక్లరేషన్ ఆఫ్ కన్ఫార్మిటీ (యూరప్ నిబంధనలు పాటించామన్న రాతపూర్వక ప్రకటన) ఇమ్మంటున్నారు, యూరప్‌లో బాధ్యులెవరని అడుగుతున్నారు. కొన్నవాళ్లేమో అదంతా మీ పనే అంటున్నారు. సరుకు ధ్వంసం చేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఒక ఏజెంటు రెండు రోజుల్లో సీఈ సర్టిఫికెట్ తెప్పిస్తానంటున్నాడు. తీసుకోమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా, ఆ సర్టిఫికెట్ తీసుకోకండి. అది కస్టమ్స్ అడిగిన కాగితం కాదు. అడిగిన కాగితం మీరే రాసి, మీరే సంతకం పెట్టాల్సింది.

సీఈ అంటే ఏదో ఆఫీసు పరీక్షించి వేసే ముద్ర అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. మీ పరికరం లాంటి వాటికి అది తయారీదారు స్వయంగా ఇచ్చే మాట. వైర్‌లెస్ పరికరాలకు యూరప్‌లో వర్తించే ప్రధాన చట్టం రేడియో ఎక్విప్‌మెంట్ డైరెక్టివ్, నంబరు 2014/53/ఈయూ. పరికరం వాడేవారికి ప్రమాదం కాకూడదు, పక్క పరికరాలకు అడ్డు రాకూడదు, రేడియో తరంగాలను తనకు కేటాయించిన పరిధిలోనే వాడాలి అని అది చెబుతుంది. యూరప్ గుర్తించిన ప్రమాణాల ప్రకారం పరీక్షలు చేయించి, రిపోర్టులు ఫైలులో పెట్టుకుని, ఆ ధైర్యంతో డిక్లరేషన్ మీద సంతకం చేస్తారు. యూరప్ ప్రమాణాల నంబర్లకు ముందు ఈఎన్ అని ఉంటుంది; 2.4 గిగాహెర్ట్జ్ బ్లూటూత్‌కు ఆ ప్రమాణం ఈఎన్ 300 328. ఆ ఫైలును పదేళ్లు దాచాలి.

డిక్లరేషన్ సాధారణంగా ఒక్క పేజీ ఉంటుంది. పరికరం మోడల్, మీ సంస్థ పేరు, చిరునామా, వర్తించే చట్టాలు, పాటించిన ప్రమాణాల నంబర్లు, ఊరు, తేదీ, సంతకం చేసినవారి పేరు, హోదా. మధ్యలో ఒక వాక్యం ఉంటుంది: ఈ డిక్లరేషన్‌ను తయారీదారు పూర్తిగా తన సొంత బాధ్యత మీద ఇస్తున్నాడని. ఏజెంటు తెచ్చే కాగితాన్ని నమ్మి దాని కింద సంతకం పెడితే, రేపు ఈ 200 పీసుల్లో ఒకదాన్ని పరీక్షకు పంపినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరే. అప్పటికి ఏజెంటు ఫోను కూడా ఎత్తడు.

మీ అసలు చిక్కు మాడ్యూల్ దగ్గర ఉంది. మాడ్యూల్‌కు సీఈ ఉంటే దాన్ని పెట్టిన పరికరానికీ ఉన్నట్టేనని అనుకున్నారు. కాదు. మీ బోర్డు, బ్యాటరీ, ప్లాస్టిక్ డబ్బా కలిశాక అది వేరే వస్తువు, దానికి తయారీదారు మీరు. యాంటెన్నా పక్కన బ్యాటరీ పెట్టినా సిగ్నల్ మారిపోవచ్చు. మాడ్యూల్ కంపెనీ దగ్గర డిక్లరేషన్‌తో పాటు పూర్తి టెస్ట్ రిపోర్టులు అడిగి తీసుకోండి. రేడియో పరీక్షల్లో కొన్నింటికి అవి పనికొస్తాయి, ఖర్చు తగ్గుతుంది. మిగతావి పూర్తయిన పరికరం మీదే చేయించాలి. ల్యాబ్ యూరప్‌లోనే ఉండాలన్న రూలు లేదు. మన దేశంలో ల్యాబులకు గుర్తింపునిచ్చే సంస్థ ఎన్ఏబీఎల్; దాని గుర్తింపు ఉన్న ల్యాబులు ఉన్నాయి. ఆ గుర్తింపు మీకు కావలసిన ఈఎన్ ప్రమాణానికి ఉందో లేదో మాత్రం చూసుకోండి. ఈటీఏ మన దేశానికి, ఎఫ్‌సీసీ అమెరికాకు. రెండూ అక్కడ చెల్లవు.

మీరు పంపిన ఫొటోలో పరికరం వెనక స్టిక్కర్‌ను పెద్దది చేసి చూశాను. సీఈ ఉంది, మోడల్ నంబరు ఉంది. చిరునామా ఉండాల్సిన చోట వెబ్‌సైటు ఉంది. తయారీదారు పోస్టల్ చిరునామా పరికరం మీద ఉండాలి, పట్టనంత చిన్నదైతే ప్యాకింగ్ మీద గానీ వెంట ఉండే కాగితం మీద గానీ ఉండాలి. అట్టపెట్టె మీద సీఈ లేదు. రేడియో పరికరాలకు ప్యాకింగ్ మీద కూడా వేయాలి. మాన్యువల్‌లో ఏ ఫ్రీక్వెన్సీలో, గరిష్ఠంగా ఎంత పవర్‌తో పనిచేస్తుందో రాయలేదు. సూచనలు జర్మన్‌లో ఉండాలి. ఇవి చిన్నవే, కానీ డబ్బా తెరిచిన అధికారికి ముందు కనబడేవి ఇవే.

ఇక బాధ్యులెవరన్న ప్రశ్న. 2021 జూలై 16 నుంచి, 2019/1020 రెగ్యులేషన్ నాలుగో ఆర్టికల్ ప్రకారం, ఇలాంటి వస్తువుకు యూరోపియన్ యూనియన్‌లో జవాబుదారీ ఒకరు ఉండి తీరాలి. మీ విషయంలో సరుకు కొని యూరప్ మార్కెట్లోకి తెస్తున్నది హాంబర్గ్ సంస్థ, కాబట్టి చట్టం దృష్టిలో ఇంపోర్టర్ వాళ్లే. తమ పేరు, చిరునామా వస్తువు మీదో ప్యాకింగ్ మీదో ఉండేలా చూడటం, మీరు పరీక్షలు చేయించారో లేదో కనుక్కోవడం, డిక్లరేషన్ కాపీ పదేళ్లు ఉంచుకోవడం వాళ్ల విధులు. 'అదంతా మీ పనే' అనడం సగమే నిజం. ఈ మాట వాళ్లకు మర్యాదగా, ఈమెయిల్‌లో రాసిపెట్టండి. వాడేసిన ఎలక్ట్రానిక్స్ సేకరణ కోసం జర్మనీలో ముందే చేయాల్సిన రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో కూడా అందులోనే అడగండి. అది లేకుండా అక్కడ అమ్మకూడదు.

ఇప్పుడు ఏం జరుగుతుంది? కస్టమ్స్ సరుకు ఆపి, మార్కెట్ పర్యవేక్షణ సంస్థకు కబురు పెడుతుంది. జర్మనీలో రేడియో పరికరాలకు అది బుండెస్‌నెట్జ్ఏజెంటూర్. నాలుగు పనిదినాల్లో ఆ సంస్థ ఆపి ఉంచమని చెప్పకపోతే, మిగతా కస్టమ్స్ షరతులు తీరి ఉంటే వదిలేస్తారు. ఆపి ఉంచమంటే కాగితాల లోపమా, పరికరంలోనే లోపమా అన్నదాన్ని బట్టి నడుస్తుంది. కాగితాలు, లేబుళ్ల వరకైతే గడువు అడిగి, అనుమతితో అక్కడే సరిచేయించుకునే వీలుంది. మీ దగ్గర మాత్రం పూర్తి పరికరం టెస్ట్ రిపోర్టులే లేవు. రిపోర్టు లేకుండా డిక్లరేషన్ రాయమని నేను సలహా ఇవ్వలేను.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 2025 ఆగస్టు 1 నుంచి, నేరుగా గానీ ఫోను ద్వారా గానీ ఇంటర్నెట్‌తో మాట్లాడే వైర్‌లెస్ పరికరాలకు సైబర్ భద్రత నిబంధనలు వచ్చాయి. మీ పరికరం రీడింగులు యాప్‌తో క్లౌడ్‌కు వెళ్తాయన్నారు కాబట్టి ఇవి మీకు తగిలేలా ఉన్నాయి. ఈఎన్ 18031 ప్రమాణం చూడండి. పాస్‌వర్డ్ పెట్టకుండానే వాడుకోనిచ్చే పరికరమైతే ఆ ప్రమాణం ఒక్కటే సరిపోదు, నోటిఫైడ్ బాడీ, అంటే ఇలాంటి పరిశీలనకు యూరప్ గుర్తించిన స్వతంత్ర సంస్థ దగ్గరికి వెళ్లాలి. ఈ సంగతి మీ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఈరోజే చెప్పండి.

పూర్తి పరికరం టెస్ట్ రిపోర్టులు లేవు కాబట్టి ఈ 200 పీసులను వెనక్కి తెప్పించుకోమనే నా సలహా. ధ్వంసం చేయకముందే, తిరిగి ఎగుమతికి అనుమతి కోరుతూ హాంబర్గ్ సంస్థతో గానీ కస్టమ్స్ బ్రోకర్‌తో గానీ రాయించండి. పర్యవేక్షణ సంస్థ అభ్యంతరం చెప్పకపోతే పంపిస్తారు. 'శాంపిల్' అనో 'గిఫ్ట్' అనో పేరు మార్చి మళ్లీ లోపలికి పంపే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి. ఇక్కడికి వచ్చాక, ఎగుమతి చేసిన సరుకు మూడేళ్లలోపు తిరిగొస్తే కస్టమ్స్ నోటిఫికేషన్ కింద డ్యూటీ ఊరట ఉంది. పంపినవీ వచ్చినవీ ఒకటేనని చూపాలి. ఎగుమతి మీద పొందిన రాయితీలు తిరిగి కట్టాలి. షిప్పింగ్ బిల్లు, సీరియల్ నంబర్ల జాబితా జాగ్రత్త. బ్యాంకుకు కూడా సరుకు వెనక్కి వస్తోందని రాసి ఇవ్వండి, లేకపోతే రావాల్సిన డాలర్లు బాకీగా కనబడుతూనే ఉంటాయి.

కస్టమ్స్ లేఖలో గడువు తేదీ ఉంటుంది. అది నాకు పంపిన కాపీలో సరిగా కనబడలేదు, స్కాన్ చేసి మళ్లీ పంపండి.