సైటు కట్టినవాళ్లు డొమైన్ ఇవ్వనంటే?

ప్రశ్న: మాది మంగళగిరి. చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతుంటాం. 2021లో ఒక వెబ్ డిజైన్ కంపెనీ మా సైటును వర్డ్‌ప్రెస్, వూకామర్స్ మీద తయారు చేసింది. డొమైన్ (సైటు పేరు, .ఇన్), హోస్టింగ్ (సైటును సర్వర్‌లో ఉంచడం) అన్నీ వాళ్లే చూసుకున్నారు. ఏటా మెయింటెనెన్స్ ఫీజు కడుతున్నాం. ఆర్డర్లు పెరిగాక సైటు మాటిమాటికీ ఆగిపోతోంది. షాపిఫై అనే ఆన్‌లైన్ దుకాణాల ప్లాట్‌ఫారమ్‌కి మారదామనుకుంటున్నామని చెప్పిన దగ్గర్నుంచి వాళ్ల ధోరణి మారిపోయింది. డొమైన్ తమ పేరు మీదే ఉందని, సైటు మొత్తం తమ ఆస్తేనని, ఫొటోలు, కస్టమర్ల వివరాలు ఇవ్వాల్సిన పని లేదని అంటున్నారు. ఒప్పందం 2027 మార్చి వరకు ఉంది కాబట్టి ఇప్పుడే మానేస్తే 2 లక్షలు కట్టాలట. పోయిన వారం అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేశారు. ఫొటోలు మేం డబ్బిచ్చి విజయవాడ ఫొటోగ్రాఫర్‌తో తీయించుకున్నవే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ‘సైటు మొత్తం మాదే’ అన్న మాటకు మీరు బెదిరిపోయినట్టున్నారు. చట్టం దృష్టిలో ‘సైటు మొత్తం’ అనే ఆస్తి ఒకటి లేదు. కోడ్ వేరు, ఫొటోలు వేరు, పేరు వేరు, కస్టమర్ల వివరాలు వేరు. దేని లెక్క దానిదే. వాటిలో వాళ్లు గట్టిగా అడగగలిగేది కోడ్ ఒక్కటే, మీకు అక్కర్లేనిదీ అదొక్కటే.

కోడ్ సంగతి ముందే ముగిద్దాం. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రాసినవాళ్లే మొదటి హక్కుదారు. మీ దగ్గర జీతానికి పనిచేసే ఉద్యోగి రాసి ఉంటే హక్కు మీదయ్యేది. బయటి కంపెనీకి డబ్బిచ్చి చేయించుకున్నంత మాత్రాన అది మీకు రాదు. సంతకంతో కూడిన రాతపూర్వక బదిలీ ఉండాలి. వర్డ్‌ప్రెస్, వూకామర్స్ ఎటూ ఎవరైనా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. వాటి మీద వీళ్లు సొంతంగా రాసింది ఏమైనా ఉంటే అది వాళ్లది. ఉండనివ్వండి. షాపిఫైలో ఆ కోడ్ పనికే రాదు. దాని కోసం లాయర్‌కి ఒక్క రూపాయి ఖర్చు పెట్టినా దండగే.

ఫొటోల విషయంలో అదే 17వ సెక్షన్ మీ పక్షాన ఉంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని. మీ షాపు పేరు మీద ఆ ఫొటోగ్రాఫర్ ఇచ్చిన బిల్లు వెతికి పెట్టుకోండి. బిల్లు లేకపోతే ఫోన్‌పేలో డబ్బు పంపిన రికార్డు, వాట్సాప్‌లో ‘పల్లూ దగ్గరగా తీయండి, బోర్డర్ కనపడాలి’ అంటూ మీరు పంపిన మెసేజీలు కూడా సాక్ష్యమే. అసలు ఫైళ్లు నేరుగా ఫొటోగ్రాఫర్‌నే అడిగి తీసుకోండి. వెబ్ కంపెనీని బతిమాలుకునే అవసరమే లేదు. చీరల వివరణలు మీరో మీ మనుషులో రాసినవైతే మీవే. వాళ్లు రాసినవైతే కొత్తగా రాయించుకోండి, నోటీసు ఖర్చు కన్నా అదే చవక.

ఇక అసలు గొడవ డొమైన్‌ది. ముందు హూఈజ్‌లో (డొమైన్ల వివరాలు చూపే ఆన్‌లైన్ సేవ) వెతికి రిజిస్ట్రెంట్‌గా, అంటే డొమైన్ తీసుకున్నవారిగా, ఎవరి పేరు ఉందో చూడండి. చాలామంది పేర్లు అక్కడ బయటికి కనపడవు, అలాంటప్పుడు కంపెనీనే రాతపూర్వకంగా అడగాలి. రిజిస్ట్రెంట్ మీరే అయితే పని తేలిక, రిజిస్ట్రార్‌ని (డొమైన్ అమ్మిన సంస్థను) అడిగి బదిలీ కోడ్ తీసుకోవచ్చు. కంపెనీ పేరు ఉన్నా వదులుకోవాల్సిన పని లేదు. 2004లో సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, డొమైన్ పేరు ఉత్త చిరునామా కాదు, వ్యాపారాన్ని గుర్తుపట్టే పేరు కూడా, ట్రేడ్‌మార్క్‌కు ఉండే రక్షణ దానికీ ఉంటుంది. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ కాకపోయినా, ఆ పేరుతో మంచి పేరు సంపాదించుకున్నది మీరేనని చూపిస్తే చాలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ట్రేడ్ నేమ్, కరెంట్ అకౌంట్, 2021 నుంచి బిల్లులు, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ప్రకటనల ఖర్చు, డొమైన్ రెన్యువల్ కోసం మీరు కంపెనీకి కట్టిన ఇన్‌వాయిస్‌లు, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టండి. చివరివి మరీ ముఖ్యం. మీ డబ్బుతో, మీ కోసం తీసుకున్న పేరని వాళ్ల కాగితాలే చెబుతాయి.

ఒక ఇబ్బంది ఉంది. మీ సైటు పేరేమిటో రాయలేదు. అందులో మంగళగిరి, చీరలు, చేనేత లాంటి మాటలే ఉంటే వాదన బలహీనపడుతుంది. మంగళగిరి చీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ మాటను ఎవరూ సొంతం చేసుకోలేరు. మీ ఇంటి పేరో, మీరు కల్పించిన పేరో అయితే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఆ పేరుకు ఈ వారంలోనే ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో తరగతికి (సరుకు రకానికి) ఫీజు 4,500 రూపాయలు.

.ఇన్ డొమైన్లకు ఇంకో దారి కూడా ఉంది. .ఇన్ డొమైన్లను నిర్వహించే నిక్సీ దగ్గర ఐఎన్‌డీఆర్‌పీ (.ఇన్ డొమైన్ వివాదాల పరిష్కార విధానం) కింద ఫిర్యాదు చేస్తే ఒక ఆర్బిట్రేటర్ (తీర్పరి) విని, డొమైన్‌ను మీకు బదిలీ చేయమని ఆదేశించగలరు. .కామ్ వివాదాల్లో డొమైన్ తీసుకున్ననాడే దురుద్దేశం ఉందని కూడా నిరూపించాలి. .ఇన్‌కి ఆ పట్టింపు లేదు, ఇప్పుడు దురుద్దేశంతో వాడుతున్నారని చూపించినా సరిపోతుంది. మిమ్మల్ని వెళ్లనివ్వకుండా డొమైన్‌ను అడ్డం పెట్టుకోవడం అలాంటిదేనని నా అభిప్రాయం.

పాస్‌వర్డ్ మార్చడం గురించి. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, వాడే హక్కున్న మనిషికి కంప్యూటర్ వ్యవస్థ అందకుండా చేస్తే పరిహారం కట్టాలి. మోసపూరితంగా చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. 5 కోట్ల లోపు పరిహారం కేసులు వినే అడ్జుడికేటింగ్ అధికారి రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శే. అయితే హోస్టింగ్ వాళ్ల పేరున ఉంటే ‘సర్వర్ మాది, మా ఇష్టం’ అని తప్పకుండా వాదిస్తారు. హోస్టింగ్ చార్జీలని విడిగా రాసి మీ దగ్గర డబ్బు తీసుకున్న ఇన్‌వాయిస్ ఉంటే ఆ వాదన నిలబడటం కష్టం. 1930కి ఫోన్ చేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది డబ్బు పోగొట్టుకున్న సైబర్ మోసాల నంబరు, ఇక్కడ ఉపయోగం లేదు. ఆ కంపెనీలో తెలిసిన కుర్రాడెవరో ఉన్నాడని అతని పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లే ప్రయత్నం మాత్రం అస్సలు చేయకండి. అదే 43వ సెక్షన్ మీ మెడకు చుట్టుకుంటుంది.

కస్టమర్ల వివరాలు చాలావరకు ఇప్పటికే మీ దగ్గర ఉండి ఉంటాయి. వూకామర్స్‌లో ప్రతి ఆర్డర్‌కీ పేరు, అడ్రస్, ఫోన్ నంబరుతో షాపు మెయిల్‌కి ఒక మెయిల్ వస్తుంది. మీ జీమెయిల్‌లో వెతకండి. కొరియర్ డ్యాష్‌బోర్డ్‌లో, పేమెంట్ గేట్‌వేలో మిగతావి దొరుకుతాయి. గేట్‌వే ఖాతా కూడా కంపెనీ పేరు మీదే ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే అన్నిటికన్నా ముందు దాన్ని మార్చండి, మీ డబ్బు వాళ్ల చేతుల మీదుగా వస్తోందన్నమాట. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఆ వివరాలకు జవాబుదారీ మీరే, వెబ్ కంపెనీ మీ తరఫున పనిచేసేది మాత్రమే. కానీ నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. కాబట్టి నోటీసులో ఆ చట్టం కన్నా మీ ఒప్పందం మీదే ఎక్కువ బరువు పెట్టాలి. కార్డు నంబర్ల కోసం మాత్రం అడగొద్దు. కార్డు నంబరు బదులు టోకెన్ వాడాలన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనలు అమల్లోకి వచ్చిన 2022 అక్టోబరు నుంచి వాటిని అమ్మేవాళ్ల దగ్గర ఉంచుకోకూడదు. వాళ్ల దగ్గర ఉన్నాయంటే వాళ్లకే చిక్కు.

2 లక్షల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. నష్టమే జరగకపోతే ఇలాంటి మొత్తం రాదని 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా పాస్‌వర్డ్ మార్చి ముందు మాట తప్పింది వాళ్లే. సైటు ఆగిపోయిన రోజుల స్క్రీన్‌షాట్లు, అప్పుడు పంపిన మెయిళ్లు దాచండి. కోర్టులో వాడాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, అది మీ లాయర్ చూసుకుంటారు. ఫీజు బాకీ ఏమైనా ఉంటే ఇవాళే కట్టేయండి, వాళ్లకు సాకు దొరకనివ్వొద్దు. మార్చి దాకా మిగిలిన మెయింటెనెన్స్ ఎంతవుతుందో కూడా లెక్కేయండి. అది చిన్న మొత్తమైతే, ఇచ్చేసి డొమైన్ తీసుకుంటానని రాజీకి పిలవడమే మేలని నేనంటాను. డబ్బు, డొమైన్ బదిలీ ఒకే రోజు జరగాలి. ముందు డబ్బు ఇవ్వకండి.

పాత సైటు మూతపడేలోపు అన్ని ఇన్‌వాయిస్‌లూ దించుకోండి. జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచుకోవాలి. కొత్త సైటులో ఇన్‌వాయిస్ నంబర్లు అదే ఆర్థిక సంవత్సరంలో పాతవాటితో కలిసిపోకుండా వేరే సిరీస్ పెట్టండి. గ్రీవెన్స్ అధికారి పేరు, ఫోన్ నంబరు, రిటర్న్ పద్ధతి కొత్త సైటులో మర్చిపోకండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. పాత సైటులో ఇచ్చిన గిఫ్ట్ వోచర్లు, ఎక్స్‌చేంజ్ హామీలు కొత్త సైటులోనూ చెల్లుతాయి. ప్లాట్‌ఫారమ్ మారింది గానీ అమ్మేది మీరేగా. శ్రావణమాసం గిరాకీ మధ్యలో మాత్రం ఈ మార్పు పెట్టుకోకండి.

ఇప్పుడు ఒప్పందంలో నోటీసు క్లాజు తీసి చదవండి. రిజిస్టర్ పోస్టులోనే పంపాలని ఉంటే మెయిల్ చెల్లదు. 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు ఇప్పించండి. డొమైన్ బదిలీ, డేటా ఎగుమతి ఫైలు, పాస్‌వర్డ్ పునరుద్ధరణ, ఈ మూడే అడగండి. ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవను కోర్టు బయట తీర్పరి తేల్చాలన్న షరతు) ఉంటే ఆర్బిట్రేషన్ చట్టం 9వ సెక్షన్ కింద తాత్కాలిక ఉత్తర్వు కోరవచ్చు. లేకపోతే వాణిజ్య కోర్టు, డొమైన్ వివాదాలు దాని పరిధిలోకే వస్తాయి. మామూలుగా కేసుకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, అత్యవసర ఉత్తర్వు నిజంగా అవసరమైతే అక్కర్లేదు. డొమైన్ గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఇవాళే చూసి పెట్టుకోండి. కేసు నడుస్తుండగా వాళ్లు రెన్యువల్ చేయకుండా వదిలేస్తే ఆ పేరు మూడో మనిషి చేతికి పోతుంది. అందుకే రెన్యువల్ ఖర్చు మేమే భరిస్తాం, గడువు దాటనివ్వొద్దు అని నోటీసులోనూ, కోర్టు పిటిషన్‌లోనూ ఒక వాక్యం పెట్టించండి.