పాటల నోట్‌బుక్ అంచున పాల లెక్క

ప్రశ్న: మాది సికింద్రాబాద్, సీతాఫల్‌మండి. మా డాడీ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. 40 ఏళ్లకు పైగా మా చర్చిలో హార్మోనియం వాయించారు, క్వయర్‌ను (పాటల బృందాన్ని) నడిపారు. పదకొండు నెలల కింద ప్రభువునందు నిద్రించారు. వచ్చే నెల జ్ఞాపకార్థ కూటంలో పది నిమిషాలు మాట్లాడమని పాస్టర్ గారు నన్ను అడిగారు. కాగితం ముందు కూర్చుంటే ఒక్క ముక్క రావడం లేదు. మాట్లాడుతూ ఏడ్చేస్తానేమోనని భయం కూడా. ‘ఆయన మా సంఘం ఆస్తి’ అని అందరూ అంటుంటే లోపల కోపం వస్తోంది. నా చిన్నప్పుడు ఏ క్రిస్మస్‌కీ ఆయన ఇంటిపట్టున లేరు. అలాగని పట్టించుకోని తండ్రి కాదు, మమ్మల్ని ప్రాణంగా చూసుకున్నారు. మమ్మీ హార్మోనియం మీద తన చీర కప్పి ఎవర్నీ ముట్టనివ్వట్లేదు. తమ్ముడేమో చర్చికి ఇచ్చేద్దామంటాడు. ఇప్పుడు కీబోర్డు వాయిస్తున్న కుర్రాడు డాడీ స్వరాలు రాసుకున్న నోట్‌బుక్ అడుగుతున్నాడు. అందులో పాల లెక్కలు, మా ఫీజుల లెక్కలు కూడా ఉన్నాయి. ఒక పేజీలో పైన నీలం ఇంకుతో కీర్తన మొదటి పాదం, కింద ఎర్ర ఇంకుతో సరిగమలు, అంచున పెన్సిలుతో ‘పాలు 2 నెలలు బాకీ. పాప ఫీజు 350, 10లోపు’ అని ఉంది. అంత సొంత పుస్తకం బయటివాళ్లకు ఎలా ఇస్తాం? నేను తప్పుగా ఆలోచిస్తున్నానా?
– ఒక కూతురు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఆ పాల లెక్క దగ్గరే ఆగాను. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు మీ కోపం. దాని గురించి సిగ్గుపడకండి. చర్చిలో వాయించేవాడి ఇంట్లో పండుగ ఎలా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. డిసెంబరంతా సాయంత్రాలు ప్రాక్టీసు, రాత్రిళ్లు ఇంటింటికీ క్యారల్స్. క్రిస్మస్ ఆరాధన అయిందనుకునేలోపే 31 రాత్రి కూటం. ఈస్టర్ ముందు ఉపవాస కాలం లెంట్ మొదలైతే నలభై రోజులు, పైగా మన పదో తరగతి పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. శుభ శుక్రవారం 12 నుంచి 3 దాకా సిలువ మీద పలికిన ఏడు మాటలు, మాట మాటకీ ఒక పాట. ఆదివారం తెల్లవారకముందే ఈస్టర్ ఆరాధన. అందరికీ పండుగైన ప్రతి రోజూ ఆయనకు డ్యూటీ. మీరు కొత్త బట్టలు కట్టుకుని బెంచీలో కూర్చుంటే మీకు కనిపించింది ఆయన వీపు. అది మీకు వెలితిగా ఉండిపోయింది. ఆయన్ను ప్రేమించారు కాబట్టే ఉండిపోయింది.

ఇక మమ్మీ. మీరు పిల్లలుగా పోగొట్టుకున్న పండుగలు కొన్నయితే, ఆమె పోగొట్టుకున్నవి ఇంకా ఎక్కువ. పెళ్లయిన దగ్గర్నుంచీ చర్చిలో భర్త పక్కన కూర్చుని ఒక్క క్రిస్మస్ పాటయినా పాడి ఉంటుందా? ఇన్నేళ్లకు ఆ పెట్టె ఆదివారం పొద్దున కూడా ఇంట్లోనే ఉంటోంది. దాని మీద తన చీర కప్పుకుంది. నాకైతే అందులో జబ్బు ఏమీ కనబడటం లేదు. మా అత్తగారు పోయాక మా మామగారు ఆవిడ కళ్లజోడు రెండేళ్లు ఫ్రిజ్ మీదే ఉంచారు. మేమెవరమూ కదపలేదు. ఒకరోజు ఆయనే తీసి తుడిచి, తన మందుల డబ్బాలో పెట్టుకున్నారు.

పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే మనిషి కుదుటపడతాడని మా కౌన్సెలింగ్ రంగంలో చాలాకాలం నమ్మారు. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు కలిసి తెచ్చిన పుస్తకం ఆ నమ్మకాన్ని గట్టిగా ప్రశ్నించింది. బంధం రూపు మార్చుకుని కొనసాగుతుందని, అది ఆరోగ్యకరమే కావచ్చని వాళ్లు చూపించారు. సంవత్సరీకాలు, సమాధి దగ్గర కొవ్వొత్తులు, పోయినాయనకు ఇష్టమైన కూర వండి నలుగురికి పెట్టడం ఎరిగిన మనకు ఇది వింతేం కాదు.

ఒక్కటి మాత్రం గమనిస్తూ ఉండండి. మమ్మీ సరిగ్గా తింటోందా, నిద్రపోతోందా, చర్చిలో స్త్రీల సమాజానికి వెళ్తోందా? ఆరు నెలలు దాటాక కూడా రోజంతా, దాదాపు ప్రతిరోజూ అదే బెంగతో ఏ పనీ చేసుకోలేకపోతుంటే, దాన్ని చికిత్స అవసరమైన దుఃఖంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఇప్పుడు గుర్తిస్తోంది. మీ అమ్మగారికి అలా ఉంటే డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మీకైనా సరే.

హార్మోనియం ఎవరికివ్వాలన్నది కూటం లోపు తేల్చకండి. తమ్ముడికి అదే చెప్పండి, ఏడాది తిరిగే రోజుల్లో ఇలాంటి పంపకాలు పెట్టుకుంటే మాట మాట పెరుగుతుంది. అయితే వాయించకుండా ఉంచిన హార్మోనియం పాడవుతుంది, ఇది మమ్మీకి మీకంటే బాగా తెలిసే ఉంటుంది. వానాకాలం చెమ్మకు చెక్క ఉబ్బి మెట్లు (వేళ్లతో నొక్కే కీలు) బిగుసుకుంటాయి. లోపల స్వరం పలికించే ఇత్తడి రీడ్ల మీద దుమ్ము పేరుకుంటే స్వరం జీరపోతుంది. మెట్ల కింది గుడ్డను పురుగు కొడుతుంది. గాలి కొట్టే తిత్తి మడతల దగ్గర చిరిగి గాలి పోతుంది. తమ్ముడు లేనప్పుడు, వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు అడగండి. ‘ఇచ్చేద్దామా’ అనవద్దు. ‘మమ్మీ, ఒకసారి తెరిచి చూద్దామా, ఎలా ఉందో’ అనండి. వద్దంటే ఊరుకోండి.

ఇప్పుడు నోట్‌బుక్. ఆ కుర్రాడు ఎందుకు అడుగుతున్నాడో చెప్తాను, అప్పుడు మీకు అతను బయటివాడిలా అనిపించకపోవచ్చు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) నాటి నుంచీ మన కీర్తనలు రాగతాళాల మీద నడిచినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన నెత్తిన రాగం, తాళం పేర్లు ఉంటాయి. కానీ మీ సంఘం ఆ పల్లవిని ఎక్కడ సాగదీస్తుందో, ఏ చరణం ముందు ఊపిరి తీసుకుంటుందో, ముసలమ్మలకు అందేలా శ్రుతి ఎంత దించాలో ఆ పుస్తకంలో ఉండదు. అది వాయించేవాడి చేతిలో ఉంటుంది. మీ డాడీ దాన్ని ఎర్ర ఇంకుతో సరిగమలుగా రాసిపెట్టుకున్నారని మీరే రాశారు. కీబోర్డులో ఎన్ని రిథమ్‌లు ఉన్నా ఆ కుర్రాడికి అది దొరకదు. జనం పాట అందుకోలేక గొంతు తగ్గించేస్తుంటే ఆదివారం ఆదివారం అతనికి ఎలా ఉంటుందో ఊహించండి.

అసలు పుస్తకం ఇవ్వక్కర్లేదు. పేజీ పేజీ ఫోన్‌లో ఫొటో తీసుకుని, కాపీలు వేయించి, అట్ట వేసి ఇవ్వండి. లెక్కలున్న అంచులు కనబడకుండా కాగితం అడ్డుపెట్టి తీయవచ్చు. నన్నడిగితే అడ్డుపెట్టకండి.

ఎందుకంటే మీరు రాసిన ఆ పేజీ నా కళ్లలోంచి పోవడం లేదు. పైన నీలం ఇంకుతో కీర్తన మొదటి పాదం. కింద ఎర్ర స్వరాలు. పక్కన అంచులో పెన్సిలుతో ‘పాలు 2 నెలలు బాకీ. పాప ఫీజు 350, 10లోపు’. క్వయర్ ప్రాక్టీసు మధ్యలో, పక్కన ఆల్టో (ఆడవాళ్ల కింది స్వరం) పాడేవాళ్లు ఇంకా సర్దుకుంటుంటే, ఆ మనిషి పెన్సిలు తీసి మీ ఫీజు రాసుకున్నాడు. చర్చిలో కూర్చున్న ఆ గంటలో కూడా మీరు ఆయన తలలో ఉన్నారు. మీకు కనిపించింది వీపే, నిజమే. ఆ వీపు అవతల ఒళ్లో ఉన్న పుస్తకంలో మీ పేరు ఉంది.

కూటంలో ఆ పేజీ చదవండి. 40 ఏళ్ల సేవ, క్రమశిక్షణ, వినయం గురించి మిగతావాళ్లు మాట్లాడతారు, వాళ్లకు వదిలేయండి. మీరు పుస్తకం చేతిలో పట్టుకుని వెళ్లి, అది ఏ కీర్తనో చెప్పి, అంచున ఏం రాసి ఉందో ఉన్నదున్నట్టు చదవండి. ఆ ఫీజు 10లోపు కట్టారో లేదో గుర్తుంటే చెప్పండి. క్రిస్మస్‌లకు ఇంట్లో లేరన్న మాట కూడా చెప్పండి, మీ మమ్మీ కళ్లలోకి చూసి చెప్పండి. ఆయన్ను సంఘానికి ఇన్నేళ్లు ఇచ్చిందెవరో ఆ హాల్లో ఒక్కసారైనా పైకి వినబడాలి. ‘మా ఆస్తి’ అన్నవాళ్లకు అదే జవాబు, వేరే కోపం అక్కర్లేదు. నాలుగు నిమిషాల్లో అయిపోతే అయిపోనివ్వండి, పది నిమిషాలు నింపాలని ఎవరూ గడియారం పట్టుకుని కూర్చోరు.

ఏడుపు వస్తుందేమోనని భయపడ్డారు. వస్తుంది. పాస్టర్ గారికి, ఆ కుర్రాడికి ముందే చెప్పి ఉంచండి. మీ గొంతు ఆగితే అతను అదే కీర్తన శ్రుతి ఇవ్వాలి, క్వయర్ లేచి పల్లవి అందుకోవాలి. మీరు కిందికి దిగకండి, అక్కడే నిలబడి వాళ్లతో పాటు పాడండి.