జమాత్‌కి లేటైతే ఎలా?

ప్రశ్న: డ్యూటీలోంచి మసీదుకి వెళ్ళేసరికి జుహర్ (మధ్యాహ్నం నమాజు) జమాత్, అంటే అందరూ కలిసి చదివే నమాజు, మొదలైపోతోందండీ. పరిగెత్తి కలవాలా, అయిపోయాక విడిగా చదువుకోవాలా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: కలవండి, కానీ పరిగెత్తొద్దు. నెమ్మదిగా రండి, దొరికింది చదవండి, తప్పింది పూర్తి చేసుకోండి అని ప్రవక్తగారే చెప్పారు. వజూ (నమాజుకి ముందు కాళ్ళూచేతులూ కడుక్కోవడం) చేసిన తడికాళ్ళతో టపటపా ఉరుకుతుంటే ముందు నిలబడ్డవాళ్ళ ధ్యాసంతా వెనక్కే పోతుంది కదా, అది నాకు చాలా బాధనిపిస్తుంది. సఫ్‌లో (నమాజు వరసలో) ఖాళీ ఉంటే భుజానికి భుజం ఆనించి నిలబడి, నిలబడే అల్లాహు అక్బర్ అనేసి, ఇమామ్ (ముందుండి నమాజు చదివించే ఆయన) ఏ స్థితిలో ఉంటే అందులో కలిసిపోవడమే. ఇమామ్ రుకూలోంచి (నడుం వంచి ఉండే స్థితి) లేవకముందే మీరూ రుకూలోకి వెళ్తే ఆ రకాత్ (నమాజులో ఒక విడత) దొరికినట్టే, ఇక్కడ ఎక్కువమంది పాటించే హనఫీ (ఇస్లాం ఆచార శాఖల్లో ఒకటి) పద్ధతిలోనూ ఇంతే. సజ్దాలో (నుదురు నేలకి ఆనించినప్పుడు) కలిస్తే మాత్రం ఆ రకాత్ లెక్కలోకి రాదు, అలాగని ఇమామ్ లేచేదాకా ఆగక్కర్లేదు. చివర్లో ఇమామ్ రెండువైపులా సలాం చెప్పాక మీరు చెప్పకుండా లేచి మిగిలినవి చదవాలి, జుహర్ 4 రకాత్‌లు కాబట్టి మూడోదాంట్లో కలిస్తే మీకింకా 2 ఉంటాయి.