షెడ్డులో సొంత కారు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: అన్నా, మాది పర్లాకిమిడి. నాన్నకి గ్రిల్ షాపు ఉంది, వెల్డింగ్ నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే. పాత ఇనుము కొట్లో ఒక మారుతి 800 దొరికింది, ఇంజన్ బాగానే ఉంది. దాంతో సొంత డిజైన్‌లో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టాలని ఉంది. ముందు టర్బో (ఇంజన్ బలం పెంచే పరికరం) పెట్టించనా?

జవాబు: టర్బో మాట పక్కన పెట్టు తమ్ముడూ. ఆ 796 సీసీ ఇంజన్ ఇచ్చేది 40 హార్స్‌పవర్ లోపే, నిజమే, కానీ అది మోస్తున్న కారు 650 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, నువ్వు 450లో తేల్చావంటే అదే ఇంజన్ 50 దాటిన హార్స్‌పవర్ ఉన్నట్టు లాగుతుంది, బ్రేకులకీ పని తగ్గుతుంది. కోయంబత్తూరులో కరివర్ధన్ గారు ఈ ఇంజన్‌తోనే ఫార్ములా మారుతి రేసు కార్లు కట్టారు, ఫార్ములా వన్ దాకా వెళ్ళిన నరైన్ కార్తికేయన్ తొలి రోజుల్లో నడిపింది వాటినే. మెక్‌లారెన్ ఎఫ్1 అనే సూపర్ కారు గీసిన గోర్డన్ మర్రే కూడా 1967లో డర్బన్‌లో చేత్తో కట్టుకున్న చిన్న కారుతోనే రేసుల్లోకి దిగాడు.

మారుతిలో ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే ముద్దగా ముందుంటాయి. ఆ ముద్దని అలాగే తీసి సీట్ల వెనక కూర్చోబెట్టొచ్చు. అయితే ఉన్న దిక్కునే పెట్టాలి సుమా, ముందుది వెనక్కి తిప్పి పెట్టావంటే రివర్స్ గేర్లు నాలుగు, ముందుకెళ్ళేది ఒక్కటీ అవుతుంది! ముందు చక్రాల హబ్బులే వెనక్కి వస్తాయి కాబట్టి, స్టీరింగ్ రాడ్లు తగిలే చోట గట్టి లింకులు వేసి ఫ్రేముకి బిగించు, లేకపోతే వెనక చక్రాలు వాటి ఇష్టానికి తిరుగుతాయి.

ఫ్రేముకి మీ షాపులో ఉండే అంగుళం చదరపు పైపు, 16 గేజీది, చాలు. ముందు ఐదో వంతు సైజులో చీపురు పుల్లలు, ఫెవిక్విక్‌తో బొమ్మ చేసి రెండు చివరలూ పట్టుకుని మెలిపెట్టి చూడు. ఎక్కడ ఊగితే అక్కడ ఏటవాలుగా ఇంకో పుల్ల పడాలి. పుల్ల వేశాక ఊగడం ఆగితేనే పైపు కొయ్యి.

ఇక వెల్డింగ్. నా మొదటి ఫ్రేము ఒక పక్క నుంచి మొదలుపెట్టి ఫుల్ వెల్డింగ్ చేసుకుంటూ పోయాను, పని బాగా వచ్చిందని టీ తాగొచ్చి మూలకి మూల కొలిస్తే 9 మిల్లీమీటర్ల తేడా. వేడికి పైపులు లాగేశాయి. మూడు వారాల పని మళ్ళీ కోసుకున్నాను. ఇల్లు ముగ్గు పోసేటప్పుడు తాపీమేస్త్రి మూలకి మూల తాడు పట్టడం చూశావు కదా, అలా మొత్తం టాక్ (చుక్క చుక్కగా చిన్న అతుకులు) వేసి, కొలిచి, తర్వాత ఇటు కొంచెం అటు కొంచెం వెల్డింగ్ చెయ్యాలి.

బరువు చూడ్డానికి మీ ఊళ్ళో జీడిపిక్కల కాటా ఒకటి అడిగి తెచ్చుకో. ఒక చక్రం కాటా మీద, మిగతా మూడూ సరిగ్గా అదే ఎత్తు ఇటుకల మీద పెట్టి, నాలుగు మూలలూ విడివిడిగా రాసుకో. నువ్వు సీట్లో కూర్చునే తూచు, ఆ అంకెలు చూస్తే బ్యాటరీ ఏ మూలకి పెట్టాలో నీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది రాయగడ. ఇలా కట్టిన కారుని ఇక్కడ రిజిస్టర్ చెయ్యరంటున్నారు. పాతపట్నం వైపు బంధువుల అడ్రసు మీద ఆంధ్రాలో చేయించొచ్చా సార్?

జవాబు: సరిహద్దు దాటితే చట్టం మారదండీ, రెండు వైపులా ఒకటే మోటారు వాహనాల చట్టం. పాత ఆర్‌సీ అడ్డం పెట్టుకుని తిప్పుదామన్నా ఆ చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని చెప్పింది. కొత్త కారుగా పెట్టాలంటే పుణేలోని ఏఆర్‌ఏఐ (బండ్లని పరీక్షించే సంస్థ) లాంటి చోట టైప్ అప్రూవల్, అంటే ఆ డిజైన్ నిబంధనలకి సరిపోతుందన్న ధ్రువపత్రం, కావాలి, ఒక్క కారు కోసం ఆ ఖర్చు కారు ఖర్చుని మించిపోతుంది. మినీ ట్రక్కు మీద ఎక్కించుకుని కోయంబత్తూరు రేసు ట్రాక్‌కి తీసుకెళ్ళండి, లేదా తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలో తిప్పుకోండి. మా ఊరి రోడ్లే కదా అనుకోవద్దు, మేకా పిల్లా అడ్డం వచ్చేది అక్కడే.

ప్రశ్న: బాడీకి అల్యూమినియమా, ఫైబరా? (బరంపురం నుంచి)

జవాబు: మొదటి కారుకైతే ఫైబర్. గోపాల్‌పూర్ ఒడ్డున ఫైబర్ పడవలకి అతుకులేసే మనవాళ్ళ పక్కన రెండు రోజులు కూర్చోండి, ఏ పుస్తకం కన్నా నయం. అల్యూమినియం మీదే మనసుంటే ఇసక సంచీ మీద చెక్క సుత్తితో సాగగొట్టాలి. కొట్టేకొద్దీ రేకు బిరుసెక్కి పగులుతుంది. అప్పుడు బట్టల సబ్బు రుద్ది, వెనక నుంచి గ్యాస్ మంట చూపించి, సబ్బు గీత నల్లబడగానే తీసెయ్యండి. రేకు మళ్ళీ మెత్తబడుతుంది. ఇంకో నిమిషం ఉంచారా, చిల్లు.