ప్లాస్మా టేబుల్ అప్పుడప్పుడు దారి తప్పుతోందా? కార్డు కొనకండి, ఎర్త్ గుంత చూడండి

ఇంట్లో కట్టుకున్న సీఎన్సీ ప్లాస్మా టేబుల్ (కంప్యూటర్ చెప్పినట్టు టార్చిని కదిపి ఇనుప షీటు కోసే యంత్రం) ఒకరోజు చక్కగా కోస్తుంది, ఇంకోరోజు కోత మధ్యలో ఎక్స్ వైపు ఐదారు మిల్లీమీటర్లు జరిగిపోతుంది, లేదంటే లిమిట్ అలారం (చివరి హద్దు స్విచ్ తగిలిందన్న హెచ్చరిక) కొట్టి ఆగిపోతుంది, డ్రైవర్ (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) మార్చాను, మోటారు మార్చాను, ఇక కంట్రోల్ కార్డు మార్చమంటారా అని అడిగారు.

వద్దు. అనంతపురంలో గ్రిల్ వర్క్ షెడ్డు నడుపుతున్నాను, గేటు డిజైన్లన్నీ ఇలాంటి టేబుల్ మీదే కోస్తాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఇంకో రూపాయి పెట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. ఆర్క్ (షీటును కోసే కరెంటు మంట) లేకుండా నడిపినా తప్పుతోందా, ఆర్క్ వెలిగినప్పుడే తప్పుతోందా? ప్లాస్మా ఆఫ్ చేసి, టార్చికి బాల్‌పెన్ను కట్టి, బెడ్డు మీద అట్ట పరిచి, తప్పిన ఆ ఫైలునే అదే స్పీడుతో మళ్ళీ మళ్ళీ నడపండి. గీత మీద గీత పడిందంటే మోటార్లు, బెల్టులు, డ్రైవర్లు బాగున్నట్టే. గీత పక్కకు పోతే మెకానికల్ వైపు వెతకాలి. ఈ చిన్న పని చేయకుండా ఒక్కో సామాను మార్చుకుంటూ పోయేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది. అమ్మేవాడిని అడిగితే ఎప్పుడూ "కార్డు పోయింది సార్" అనే అంటాడు. వాడికి కావలసింది అదే కదా.

మా మేనల్లుడికి గుత్తిలో కొండ కింద షెడ్డు ఉంది. నాలుగు బై నాలుగు అడుగుల టేబుల్ తనే వెల్డింగ్ చేసి కట్టుకున్నాడు. వానాకాలమంతా ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదిరాక మొదలైంది. ఎవరిదో గృహప్రవేశానికి గేటు ప్యానెల్, రెండు హంసలు, చుట్టూ తీగలు. మొదటి హంస బాగానే వచ్చింది, రెండోదాని మెడ ఒంటికి కలవకుండా పక్కకు జరిగి తెగింది. మూడు ఎంఎం ఎంఎస్ షీటు, సగం తుక్కు కింద పోయింది. ఫోన్ చేసి, "మామా, పొద్దున బాగనే ఉంటాది, మధ్యాన్నానికి పిచ్చి పట్టినట్ల చేస్తాది. డ్రైవర్ మార్చినా, మోటారు మార్చినా. ఏందో అర్థం కాలేదు" అన్నాడు. ముహూర్తం దగ్గర పడుతోందని ఇంటివాళ్ళు రోజూ ఫోన్లు. వాడి టెన్షన్ చూడలేక బండేసుకుని వెళ్ళాను.

పెన్ను కట్టి నడిపించాం. ఎన్నిసార్లు నడిపినా హంస మెడ గీత మీద గీత పడింది. "మరి దోషం ఎక్కడుంది మామా?" అన్నాడు. కంట్రోల్ బాక్సు మూత తీసి, షట్టర్ సగం దించమన్నాను. ఆర్క్‌కు వీపు పెట్టి కూర్చుని, బోర్డు మీద ఇన్‌పుట్ లైట్ల వైపే చూస్తున్నాను. టార్చి చట్‌మని అంటుకున్న ప్రతిసారీ ఎక్స్ లిమిట్ పక్కనున్న చిన్న ఎర్ర లైటు కన్ను కొట్టినట్టు వెలిగి ఆరిపోతోంది. అప్పుడు గ్యాంట్రీ (టార్చిని మోసే అడ్డ దూలం) ఆ స్విచ్ దరిదాపుల్లో కూడా లేదు.

వాడిది హెచ్ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) స్టార్ట్ మెషీను. ఆర్క్ అంటించడానికి అది వేల ఓల్టుల స్పార్క్ వేస్తుంది. ఆ స్పార్క్ వల్ల పుట్టే నాయిస్ (దొంగ సిగ్నల్) పక్కన ఏ వైరు ఉంటే ఆ వైరులోకి ఎక్కుతుంది. మోటారు ఎన్ని అడుగులు, ఏ దిక్కుకు తిరగాలో డ్రైవర్‌కు చెప్పే మన స్టెప్, డైరెక్షన్ సిగ్నళ్ళు చూస్తే మామూలుగా 5 ఓల్టులవి. మధ్యలో దూరిన పల్స్‌ను డ్రైవర్ నిజం స్టెప్పు అనుకుని మోటారును తిప్పేస్తుంది. లిమిట్ వైరులో దూరితే అలారం. ఒకే జబ్బు, రెండు రూపాలు. కాబట్టి "ఒకసారి జరుగుతుంది, ఒకసారి ఆగుతుంది" అని మీరు రాసిన మాట చదవగానే నాకు గుత్తి షెడ్డే గుర్తొచ్చింది.

షెడ్డు వెనక్కి వెళ్ళి ఎర్త్ చూశాం. నేల బీటలు వారి ఉంది. రాడ్డు పట్టుకుని కదిపితే చేతిలో ఊగింది. మూడడుగులకే రాయి తగిలిందని అక్కడితో ఆపేశారట. మాతో వచ్చిన ఎలక్ట్రీషియన్ మెషీన్ల నుంచి ఎర్త్ వైరు విప్పేసి, ఫేజుకూ రాడ్డుకూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టాడు. లోపలి తీగ ఎర్రబడింది తప్ప వెలుతురు లేదు. రాడ్డు చుట్టూ బిందెలతో నీళ్ళు పోశాం. నీళ్ళు ఇంకే కొద్దీ బల్బు వెలుగు పెరుగుతూ వచ్చింది. వానాకాలంలో టేబుల్ ఎందుకు బాగుందో అక్కడే తెలిసిపోయింది. (ఈ బల్బు పరీక్ష మీరు సొంతంగా చేయకండి. ఎర్త్ సరిగా లేనప్పుడు దానికి తగిలించిన ఇనుమంతా కరెంటు కొడుతుంది. తెలిసినవాడిని పిలిపించుకోండి.)

మన జిల్లాలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. ఇలాంటి నేలలో మూడడుగుల రాడ్డు పేరుకే ఎర్త్. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 అని మన దేశపు ప్రమాణమే ఉంది. పైపు ఎలక్ట్రోడ్ (ఎర్త్ కోసం నేలలో దించే పైపు) కనీసం రెండున్నర మీటర్లు, అంటే ఎనిమిది అడుగుల పైన ఉండాలంటుంది. రాయి తగిలితే నిలువుకు 30 డిగ్రీలు మించకుండా వాలుగా దించుకోవచ్చని దారి కూడా చూపిస్తుంది. అయినా ఎవరూ చేయరు. బోరుకైతే వెయ్యి అడుగులు దించుతారు, ఎర్త్ గుంతకు ఎనిమిది అడుగులు తవ్వమంటే ఏడుస్తారు. కొత్త లేఅవుట్లలో ఇళ్ళు చూడండి, మూడు పిన్నుల సాకెట్లు గోడ నిండా ఉంటాయి, ఆ మూడో పిన్ను ఎక్కడికి పోతుందో కట్టినవాడికే తెలీదు. ఇంకా ఘోరం, నాయిస్ పోవాలంటే ఎర్త్ వైరు పీకేయమని చెప్పే వీడియోలున్నాయి. దయచేసి ఆ పని చేయకండి, ప్రాణం పోతుంది.

గుత్తిలో వాలుగా కొత్త జీఐ పైపు దించి, బొగ్గు, ఉప్పు వేసి, టేబుల్ ఫ్రేముకు లావు వైరు లాగాం. షీటును మోసే కింది పట్టీలకు పెట్టిన క్లాంపు (ఆర్క్ కరెంటు మెషీనుకు తిరిగి వెళ్ళే వైరు కొస) తీసి నేరుగా షీటుకే పెట్టించాను. పట్టీల మీద తుప్పు, కరిగి గడ్డకట్టిన మడ్డి ఉంటాయి, కరెంటు సరిగా తిరిగి రాదు. మావాడు టార్చి కేబులును మోటారు వైర్లతో కలిపి ట్యాగులు వేసి కట్టేశాడు, విడదీసి అడుగు దూరంలో వేలాడదీశాం. లిమిట్ స్విచ్‌లను 24 ఓల్టుల మీద నార్మల్లీ క్లోజ్డ్‌గా (మామూలుగా కరెంటు పారుతూ, స్విచ్ తగిలితే తెగేలా) మార్చి, షీల్డ్ కేబుల్ వేసి, షీల్డును కంట్రోల్ బాక్సు వైపు మాత్రమే ఎర్త్ చేశాం. గేటు ముహూర్తానికి అందింది. ఇన్ని పనులు చేశారు కదా, దేనివల్ల బాగైందంటారు అని మీరు అడగొచ్చు. నన్నడిగితే ముప్పావు వంతు ఎర్త్ వల్లే. ఇప్పటికీ ఎండాకాలంలో గుంతలో నీళ్ళు పోయడం మానొద్దని వాడికి ఫోన్ చేసి చెబుతుంటాను.

మాక్3లో (టేబుల్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రాము) డిబౌన్స్, అంటే క్షణికమైన సిగ్నళ్ళను పట్టించుకోకుండా వదిలేసే సెట్టింగ్, పెంచితే చాలని ఎవరైనా అంటే నమ్మకండి. దానివల్ల లిమిట్ అలారాలు తగ్గొచ్చు. డ్రైవర్ వైర్లలో దూరే తప్పుడు స్టెప్పులను అది ఆపలేదు.

ఒకవేళ పెన్ను గీత కూడా తప్పిందనుకోండి, ఎర్త్ సంగతి తర్వాత. మోటారు పుల్లీని షాఫ్టుకు బిగించే గ్రబ్ స్క్రూ వదులైందేమో చూడండి. షాఫ్టుకూ పుల్లీకీ కలిపి వైట్ మార్కర్‌తో ఒక గీత గీసి నడపండి, గీత విడిపోతే దొంగ దొరికినట్టే. టేబుల్‌లో ఎప్పుడూ ఒకే చోటికి వచ్చాక మోటారు గుర్రుమంటూ వణికితే డ్రాగ్ చైన్ (కదిలే వైర్లను మోసే ప్లాస్టిక్ గొలుసు) లోపల వైరు తెగి, అతుక్కుంటూ విడిపోతూ ఉంటుంది. పవర్ తీసేసి, వైరు వంచుతూ మల్టీమీటరులో కాయిల్ రెసిస్టెన్స్ చూడండి. పవర్ ఉండగా మోటారు వైరు పీకితే డ్రైవర్ పోతుంది, జాగ్రత్త. యాక్సిలరేషన్ సగానికి తగ్గిస్తే తప్పు మాయమైతే మోటారుకు బలం చాలడం లేదని అర్థం. దిక్కు మారినప్పుడల్లా ఒకే వైపుకు కొంచెం కొంచెం జరుగుతుంటే స్టెప్ పల్స్ యాక్టివ్ లో, యాక్టివ్ హై సెట్టింగ్ తిప్పి చూడండి. కంప్రెసర్ ఎత్తుకున్నప్పుడు షెడ్డు లైట్లు డిమ్ అవుతుంటే దాన్ని వేరే లైను మీద వేయించండి.

ముందు పెన్ను పరీక్ష చేసి ఏం వచ్చిందో రాయండి. మీ మెషీన్ హెచ్ఎఫ్ స్టార్టా, బ్లోబ్యాక్ స్టార్టా (హెచ్ఎఫ్ స్పార్క్ లేకుండా, గాలి ఒత్తిడితో టార్చి లోపలి ముక్కలు విడిపోయి ఆర్క్ అంటుకునేది), క్లాంపు ఎక్కడ పెడుతున్నారో కూడా చెప్పండి. గుత్తి, తాడిపత్రి, గుంతకల్లు వైపు అయితే ఆదివారం నేనే వచ్చి చూస్తాను.