పార్టీల చీలిక విప్లవానికి దారితీస్తుందా?

జనం పార్టీలుగా ఇంతగా చీలిపోతే ఈ రోజుల్లోనూ విప్లవం వస్తుందా అని అడిగారు. చీలిక ఒక్కటే అయితే రాదని నా అభిప్రాయం. గొడవలు, హింస పెరగొచ్చు, అవి వేరు. మా ప్రకాశం జిల్లా ఊళ్లలో ఒక పార్టీవాళ్లు టీ తాగే కొట్టుకు రెండో పార్టీవాళ్లు వెళ్లరు. పక్కవాడి మీద కోపం అంతగా ఉంటే పైవాళ్లను నిలదీసేదెవరు?

నెల్లూరు జిల్లా దూబగుంటనే చూడండి. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మగవాళ్ల కూలి డబ్బులు సారా పాకెట్లకే పోయేవి. 1992లో ఆ ఊరి రోశమ్మలాంటివాళ్లు ముందు నిలిచి దుకాణాలు మూయించారు. ఊరూరా ఆడవాళ్లు పాకెట్లు లాక్కుని పారబోశారు, జిల్లాలో సారా వేలంపాటలను అడ్డుకున్నారు. నీది ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు. అందుకే 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. అయినా అది విప్లవం కాదు, ప్రభుత్వ వ్యవస్థ అలాగే ఉంది.

వ్యవస్థే కూలాలంటే ఉమ్మడి బాధతో పాటు పాలకుల మాట చెల్లకుండా పోవాలి. 1917లో రష్యాలో రొట్టె కోసం రోడ్డెక్కిన జనంతో అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లోని సైనికులూ కలిశారు, చక్రవర్తి పాలన కూలింది. 2022లో శ్రీలంకలో పెట్రోలు, గ్యాసు దొరక్క సింహళీయులు, తమిళులు, ముస్లింలు కలిసి నిలబడితే అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయాడు. అక్కడ కూడా తర్వాతి అధ్యక్షుణ్ని ఎన్నుకున్నది పాత పార్లమెంటే.